సీరియల్ నంబర్ చూపించని కంప్యూటర్: కోర్టు సర్టిఫికెట్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: స్నేహితుడితో కలిసి భాగస్వామ్య వ్యాపారం చేశాను. లెక్కల దగ్గర తేడాలొచ్చి ఇప్పుడు దావా నడుస్తోంది. ఖాతాలన్నీ నా ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉన్నాయి. వాటి ప్రింట్లు కోర్టులో దాఖలు చేయాలంటే సర్టిఫికెట్ జతచేయాలని, అందులో కంప్యూటర్ సీరియల్ నంబర్ రాయాలని మా లాయరు గారు చెప్పారు. అది విడి భాగాలు కొని అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఎక్కడా స్టిక్కర్ లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో అడిగితే నంబరు బదులు ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ (తయారీ కంపెనీ నింపాలి) అని వచ్చింది. ‘వాల్యూమ్ సీరియల్ నంబర్’ అని ఇంకొకటి కనిపిస్తోంది. అదే రాసెయ్యమని తెలిసినవాళ్లు అంటున్నారు. పైగా మధ్యలో మదర్‌బోర్డు పాడైతే మార్పించాను, హార్డ్ డిస్క్ మాత్రం పాతదే. ఏ నంబరు రాయాలి? తప్పు రాస్తే నా లెక్కలు చెల్లకుండా పోతాయా? – ఒక పాఠకుడు

జవాబు: సీరియల్ నంబర్ దొరకనంత మాత్రాన మీ లెక్కలు చెల్లకుండా పోవు. దొరకని నంబరును దొరికినట్టు రాస్తేనే చిక్కుల్లో పడతారు. కాబట్టి ఆ వాల్యూమ్ నంబరు జోలికి వెళ్లకండి.

మీ లాయరు గారు చెప్పింది భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఇది 65బీగా ఉండేది. అప్పట్లో చట్టంలో నమూనా అంటూ ఏదీ లేదు, ఎవరి పద్ధతిలో వాళ్లు రాసుకునేవారు. కొత్త చట్టం షెడ్యూల్‌లో ఫారమే ఇచ్చింది. పార్ట్ ఏ మీరు నింపాలి, పార్ట్ బీ నిపుణుడు నింపాలి. పరికరం తయారీ, మోడల్, రంగు, సీరియల్ నంబర్ రెండింటిలోనూ అడుగుతారు. రేపు ఆ పెట్టెను కోర్టు ముందుకు తెమ్మంటే, ఈ ప్రింట్లు వచ్చింది ఇందులోంచేనని ఎవరైనా సరిపోల్చుకోగలగాలి. ఆ వివరాలు అడిగేది అందుకే. నంబరును ఏ పద్ధతిలో తెలుసుకోవాలో చట్టం చెప్పలేదు. స్టిక్కర్ మీద చూసి రాసినా, కమాండ్ ఇచ్చి తీసుకున్నా తప్పు లేదు.

ఇక మీ కంప్యూటర్ అలా ఎందుకు జవాబిచ్చిందో చూద్దాం, ఎందుకంటే కోర్టులో మీరు దీన్ని వివరించాల్సి రావచ్చు. ‘డబ్ల్యూమిక్ బయోస్ గెట్ సీరియల్‌నంబర్’ అని ఇచ్చినా, విండోస్‌లోనే కమాండ్లు ఇచ్చే మరో చోటైన పవర్‌షెల్‌లో ‘గెట్-సిమ్‌ఇన్‌స్టన్స్ విన్32_బయోస్’ అని ఇచ్చినా, విండోస్ చదివేది మదర్‌బోర్డులోని బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) అందించే పట్టికనే. లినక్స్‌లో ‘డీఎంఐడీకోడ్’ చదివేదీ అదే. (కొత్త విండోస్ 11లో డబ్ల్యూమిక్ ముందే ఉండకపోవచ్చు, పవర్‌షెల్ వాడండి.) పేరున్న కంపెనీ ల్యాప్‌టాప్ అయితే ఆ పట్టికలో సీరియల్ నంబర్ ఫ్యాక్టరీలోనే రాసి పంపుతారు. విడిగా అమ్మే మదర్‌బోర్డు ఏ పెట్టెలోకి వెళ్తుందో దాని తయారీదారుకు తెలియదు. అందుకని ఆ గడిలో ‘తర్వాత నింపాలి’ అని అర్థం వచ్చే మాట వదిలేస్తారు, అసెంబుల్ చేసేవాళ్లు సాధారణంగా దాన్ని నింపరు. అంటే మీరిచ్చిన కమాండ్‌లో పొరపాటేమీ లేదు. మీ యంత్రానికి మొత్తంగా ఒక సీరియల్ నంబర్ ఎవరూ వేయలేదు, అంతే.

‘విన్32_బేస్‌బోర్డ్’ అని అడిగితే మదర్‌బోర్డు సొంత నంబరు వచ్చే అవకాశం ఉంది. కానీ అది మధ్యలో వచ్చిన బోర్డు. పాత ఖాతాలు రాసిన రోజుల్లో అది మీ కంప్యూటర్‌లో లేదు. దాన్ని రాయండి, దాని మీదే ఆధారపడకండి.

మీ కేసులో బలమైనది హార్డ్ డిస్క్ నంబరు. ఎంట్రీలు నిల్వ ఉన్నది అందులోనే, అది మారలేదు కూడా. పవర్‌షెల్‌లో ‘గెట్-ఫిజికల్‌డిస్క్’ అని ఇస్తే సీరియల్ నంబర్ వస్తుంది. డిస్క్ తయారైనప్పుడే దాని లోపల రాసిన నంబరు అది. ఫార్మాట్ చేసినా, విండోస్ మళ్లీ ఎక్కించినా మారదు. పెట్టె తెరిపించి డిస్క్ లేబుల్ మీద అచ్చయిన నంబరుతో ఒక్కో అక్షరం పోల్చుకోండి, సున్నాకూ ‘ఓ’కూ మధ్య పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఆ పని పార్ట్ బీ నింపే నిపుణుడి సమక్షంలో, తేదీ సమయం కనిపించేలా తెర ఫోటో తీసుకుని చేస్తే మరీ మంచిది. ఆయన ఒకటి రాసి మీరొకటి రాస్తే ఎదుటి పక్షానికి పండగే.

వాల్యూమ్ సీరియల్ నంబర్ అలాంటిది కాదు. మధ్యలో గీతతో ఎనిమిది అక్షరాలుండే ఆ సంఖ్యను, డ్రైవ్‌ను ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ తనంతట తాను వేసుకుంటుంది. మళ్లీ ఫార్మాట్ చేస్తే మారిపోతుంది. చిన్న ప్రోగ్రాముతో కావాలనే మార్చనూ వచ్చు. దాన్ని హార్డ్‌వేర్ నంబరుగా రాశారనుకోండి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ‘ఈ నంబరు పరికరం మీద ఎక్కడుందో చూపిస్తారా?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. చూపించలేరు. అక్కడి నుంచి ‘మరి లెక్కలు మాత్రం నిజమని ఎలా నమ్మాలి?’ అనే దాకా రావడానికి ఎంతోసేపు పట్టదు.

తెలిసి అబద్ధం రాస్తే విషయం దావాతో ఆగదు. సాక్ష్యంగా పనికొచ్చే సర్టిఫికెట్‌లో ముఖ్యమైన అంశం అబద్ధమని తెలిసీ సంతకం పెడితే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 234 కింద తప్పుడు సాక్ష్యం ఇచ్చినట్టే శిక్ష వేస్తారు. అదే సమయంలో మీరు భయపడనక్కర్లేని మాట కూడా చట్టంలో ఉంది: తనకు తెలిసినంతవరకు, నమ్మినంతవరకు చెబితే చాలునని సెక్షన్ 63(4) అంటుంది. తెలియనిదాన్ని తెలియదని రాసేవాడికి ఆ మాట రక్షణ.

సీరియల్ నంబర్ గడిలో ఇలా రాయమంటాను: ‘అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్, యంత్రానికి తయారీదారు కేటాయించిన సీరియల్ నంబర్ లేదు. బయోస్‌లో ఆ గడి నింపి లేదు. హార్డ్ డిస్క్ తయారీదారు, మోడల్, సీరియల్ నంబర్ ఇవి. ప్రస్తుత మదర్‌బోర్డు సీరియల్ నంబర్ ఇది.’ పక్కనే మాక్ అడ్రస్ (నెట్‌వర్క్ పోర్టుకు ఉండే గుర్తింపు సంఖ్య) అడిగే చోటు ఉంది, అదీ నింపండి. నెట్‌వర్క్ పోర్టు మదర్‌బోర్డు మీదే ఉంటే బోర్డుతో పాటు ఆ అడ్రస్ కూడా మారి ఉంటుందని మరచిపోకండి.

మదర్‌బోర్డు మార్పును దాచొద్దు. పరికరం ఎప్పుడైనా సరిగ్గా పనిచేయకపోయినా, దానివల్ల రికార్డుకు గానీ దాని కచ్చితత్వానికి గానీ తేడా రాలేదని చెప్పే వాక్యం ఫారంలోనే ఉంది. పాడైన తేదీ, మార్చిన తేదీ, డిస్క్ అదేనన్న సంగతి అక్కడ రాయండి. రిపేరు బిల్లు ఉంటే జతచేయండి, లేకపోతే మార్చిన మెకానిక్‌ను సాక్షిగా పిలిచే వీలుందేమో మీ లాయరు గారితో మాట్లాడండి.

ఫారం హాష్ విలువ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే, దాని వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా అడుగుతుంది. అందరూ సీరియల్ నంబర్ గురించే కంగారు పడతారు గానీ, రికార్డులో ఒక్క అక్షరం మారినా పట్టించేది హాష్. లెక్కల సాఫ్ట్‌వేర్‌ను ఊరికే తెరిచి మూసినా దాని ఫైలు మారిపోయే అవకాశం ఉంటుంది. అందుకని కోర్టుకు ఇచ్చే నివేదికను ముందు విడి ఫైలుగా తీసి, దానికి ‘సర్ట్‌యుటిల్ -హాష్‌ఫైల్’ అనే విండోస్ కమాండ్‌తో షా256 పద్ధతిలో హాష్ విలువ తీయించి, ఆ తర్వాత ఆ ఫైలును ముట్టుకోకండి. దావా తేలేదాకా డిస్క్‌ను ఫార్మాట్ చేయడం, అమ్మడం, మార్చడం వద్దు.

కంప్యూటర్‌నే కోర్టుకు తెచ్చి యజమాని సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది పాత 65బీ మీద వచ్చిన తీర్పు. నిపుణుడి సంతకం కూడా కోరే కొత్త చట్టం కింద దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను. డిస్క్ భద్రంగా ఉంచండి, సర్టిఫికెట్ కూడా ఇవ్వండి.

దావా ఎప్పుడు వేశారో మీరు రాయలేదు. కొత్త చట్టం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటికే పెండింగ్‌లో ఉన్న కేసులకు సెక్షన్ 170 ప్రకారం పాత చట్టమే వర్తిస్తుంది. మీది అంతకుముందు వేసిన దావా అయితే ఈ ఫారం, పార్ట్ బీ అవసరం ఉండదు, 65బీ సర్టిఫికెట్ ఇస్తే సరిపోతుంది. అందులోనూ పరికరం వివరాలు చెప్పాలి కాబట్టి డిస్క్ నంబరు రాయక తప్పదు.