గ్రౌండ్‌లో నిలబెట్టిన పాత ట్రాక్టర్‌కి ఇన్సూరెన్స్ కావాలా?

మీరడిగింది ఇదీ: 1974 నాటి హెచ్‌ఎంటీ జెటార్ 2511ను సంక్రాంతికి హైస్కూల్ గ్రౌండ్‌లో ప్రదర్శనకు పెడుతున్నారు, రోడ్డెక్కదు కాబట్టి ఇన్సూరెన్స్ అక్కర్లేదు కదా అని.

కావాలి. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్‌లో ఉన్నది ‘పబ్లిక్ ప్లేస్’. అంటే రోడ్డొక్కటే కాదు, జనానికి వచ్చే హక్కున్న చోటేదైనా. ‘బండి కదల్లేదుగా’ అన్నా చెల్లదు. బోల్తాపడిన పెట్రోల్ ట్యాంకర్ కొన్ని గంటల తర్వాత పేలిన కేసులో, అదీ వాహన వినియోగమేనని సుప్రీంకోర్టు 1991లో తేల్చింది. 164వ సెక్షన్ కింద తప్పెవరిదో నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు పరిహారం. పాలసీ లేకపోతే అది ఓనరే కట్టుకోవాలి. ‘మీ సొంత పూచీపై చూడండి’ అన్న బోర్డు ఏ మాత్రం కాపాడదు.

పాలసీ ఉన్నా, వాడకం ‘వ్యవసాయ పనులకు’ అని ఉందేమో చదవండి. ఉంటే ప్రదర్శనకు కంపెనీ నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. ప్రదర్శన కమిటీ చేత విడిగా పబ్లిక్ లయబిలిటీ పాలసీ (చూడ్డానికొచ్చినవాళ్ళకు జరిగే నష్టానికి) తీయించండి. పాతకాలపు బండ్లకిచ్చే వింటేజ్ నంబరు సంగతి మర్చిపోండి, 2021 నిబంధనలు 50 ఏళ్ళు దాటిన టూవీలర్లకూ కార్లకే.

కాగితాలు ఒక పూట పని. అసలు భయం పిల్లలు సీటెక్కి గేర్ రాడ్డు లాగడం. పాత డీజిల్ బండికి తాళం తీసేస్తే సరిపోదు. గేర్లో ఉండి పల్లానికి దొర్లితే ఇంజిన్ అందుకుంటుంది. అందుకే ఇంజిన్‌కు డీజిల్ ఆపే స్టాప్ నాబ్ పూర్తిగా లాగి వైరుతో కట్టేయండి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయండి. వెనక చక్రాలు రెండిటికీ ముందూ వెనకా చెక్క దిమ్మెలు, అంటే నాలుగు. రాళ్ళు జారిపోతాయి. గొర్రు తగిలించి ఉంటే నేలకు దించేయండి, పాత సీళ్ళు హైడ్రాలిక్‌ను గంటల తరబడి పట్టి ఉంచవు. చుట్టూ రెండు మీటర్ల దూరంలో తాడు కట్టండి.

స్టార్ట్ చేసి చూపించాలంటే ఒకే మనిషి, సీటు మీద కూర్చునే. నేల మీద నిలబడి స్క్రూడ్రైవర్‌తో స్టార్టర్ టెర్మినళ్ళు కలిపే అలవాటు చాలామందికి ఉంది. బండి గేర్లో ఉంటే పెద్ద చక్రం ముందుండేది అలా కలిపినవాడే. న్యూట్రల్ అనుకోవడం కాదు, రాడ్డు అటూ ఇటూ ఊపి చూడాలి. పీటీఓ (పనిముట్లను తిప్పే వెనక షాఫ్ట్) తిప్పకండి. 540 ఆర్పీఎమ్ అంటే సెకనుకు తొమ్మిది చుట్లు, పంచె కొసో చున్నీయో చిక్కితే లాక్కునే వ్యవధి ఉండదు. షాఫ్ట్ మీద తొడుగు లేకపోతే షాఫ్టే తీసేయండి. మంటలార్పే 6 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్ దగ్గరుండాలి.

లారీకి ఎక్కించేటప్పుడు మటుకు వెనక్కి ఎక్కించండి. ముందుకు ఎక్కిస్తే ఏటవాలు పలకల మీద ముందు చక్రాలు లేచి, బండి డ్రైవర్ మీదకే తిరగబడుతుంది.