యాంప్లిఫయర్ ఈల వేస్తోందా? ముందు ఎర్త్ బోల్టు విప్పి చూడండి

ప్రశ్న: కారులో కొత్తగా 4 ఛానెళ్ల యాంప్లిఫయర్, వూఫర్ పెట్టించాను. ఇంజిన్ స్టార్ట్ చేయగానే స్పీకర్లలో సన్నటి ఈల మొదలవుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే అదీ పెరుగుతోంది. సౌండ్ బాగా పెంచితే కాసేపటికి యాంప్ మీద ఎర్ర లైటు వెలిగి మొత్తం ఆగిపోతోంది. బిగించినతను యాంప్‌లోనే లోపం ఉందంటున్నాడు. మార్చేయమంటారా?

జవాబు: వద్దు. కనీసం ఇప్పుడే వద్దు. ఇదే ఫిర్యాదు మాటలు అటూ ఇటూ మార్చుకుని వస్తూనే ఉంటుంది. కొందరైతే యాంప్ మార్చేశాక రాస్తారు, కొత్తదాంట్లోనూ అదే ఈల వస్తోందని. వైర్లు పాతవే ఉంటే రాక ఏం చేస్తుంది? మీరు చెప్పిన రెండు లక్షణాలూ వైరింగ్ వైపే వేలు చూపిస్తున్నాయి.

ఇంజిన్ వేగంతో పాటు పెరిగే శబ్దానికి మూలం ఆల్టర్నేటర్. అది పుట్టించే అలజడి ప్రతి కారు కరెంటులోనూ ఎంతో కొంత ఉంటుంది. అది పాటలోకి ఎలా దూరిందన్నదే తేల్చుకోవాలి. మీ స్టీరియో డాష్‌బోర్డు దగ్గర ఎర్త్ అయింది, అంటే దాని నెగెటివ్ వైరు అక్కడ కారు లోహపు బాడీకి కలిసింది; యాంప్ డిక్కీలో మరోచోట ఎర్త్ అయింది. ఈ రెండు చోట్ల మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉన్నా చాలు, రెంటినీ కలుపుతూ పాటను మోసే ఆర్‌సీఏ కేబుల్ పైపొర గుండా కరెంటు పారుతుంది. యాంప్ దాన్ని కూడా పాటలో భాగమే అనుకుని పెంచి వినిపిస్తుంది.

కాబట్టి ముందు ఎర్త్ వైరు బిగించిన బోల్టు విప్పండి. వైరు చివరి రింగు కింద, కారు రేకు మీద పెయింటు నిగనిగలాడుతూ అలాగే ఉందా? చాలామంది పంపే ఫొటోల్లో నాకు కనిపించేది అదే. పెయింటు గుండా కరెంటు పోదు. బోల్టు మరలు రేకును తాకినంత మేర మాత్రమే పోతోంది. రింగు ఎంత ఉందో అంత మేర గరుకు కాగితంతో రుద్ది, తెల్లటి లోహం తేలాక గట్టిగా బిగించండి. తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు రాయండి. ఎర్త్ వైరు కూడా బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర పవర్ వైరంత మందం ఉండాలి. పొడవు 45 సెంటీమీటర్లు దాటకపోతే మంచిది. సీటు బెల్టు బోల్టుకు మాత్రం ఎర్త్ ఎప్పుడూ ఇవ్వకండి. ప్రమాదంలో మనిషిని పట్టి ఉంచాల్సిన బోల్టు అది. దాని కింద రింగులు, వాషర్లు ఇరికించడం నేరం లాంటిదని నా అభిప్రాయం.

బిగించాక మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక మొన యాంప్ గ్రౌండ్ (ఎర్త్) స్క్రూకి, ఇంకోటి పొడవాటి వైరుతో బ్యాటరీ నెగెటివ్‌కి ఆనించి, పాట గట్టిగా పెట్టి చూడండి. 0.1, 0.2 వోల్టుల దగ్గర ఉంటే ఫర్వాలేదు. అర వోల్టు దాటుతుంటే దారిలో ఇంకా ఎక్కడో అడ్డం ఉంది.

అప్పటికీ ఈల తగ్గకపోతే, యాంప్ ఆపి, ఆర్‌సీఏ కేబుళ్లు పీకి, మళ్లీ ఆన్ చేయండి. ఈల ఆగిపోతే అది కేబుల్ దారినో స్టీరియో నుంచో వస్తోందన్నమాట. కేబుల్‌ను ఎర్ర పవర్ వైరుతో కలిపి ఒకే పక్కన లాగి ఉంటే విడదీసి, ఒకటి కారు కుడి వైపు, ఒకటి ఎడమ వైపు వేయించండి. అదీ కాకపోతే, చిన్న వైరు ముక్కతో స్టీరియో వెనక ఆర్‌సీఏ సాకెట్ బయటి రింగును స్టీరియో లోహపు బాడీకి తాకించండి. ఈల టక్కున ఆగిందా? స్టీరియో లోపల ఆ రింగుకి గ్రౌండ్ ఇచ్చే అతి చిన్న ఫ్యూజ్ కాలిపోయిందన్నమాట. యాంప్ ఆన్‌లో ఉండగా ఆ పిన్నులు పీకి పెడుతుంటే జరిగే నష్టం ఇది. పైన ఆపి పీకమన్నది అందుకే.

నాయిస్ ఫిల్టర్ పెట్టుకుంటే సరిపోదా అని కూడా చాలామంది అడుగుతారు. నాసిరకం ఫిల్టర్లు ఈలతో పాటు లోతైన బేస్‌ను కూడా తినేస్తాయి. వూఫర్ కొనుక్కున్నదే బేస్ కోసం కదా! అన్నీ చూశాక, వేరే దారి లేకపోతేనే దాని జోలికి వెళ్లండి.

ఇక ఎర్ర లైటు. అది వెలిగిందంటే యాంప్ తనను తాను కాపాడుకుంటోందని అర్థం. యాంప్ ఆపి, స్పీకర్ వైర్లన్నీ తీసేసి ఆన్ చేయండి. లైటు రాకపోతే ఒక్కొక్కటే కలుపుతూ పోండి. దేన్ని కలిపినప్పుడు వెలిగిందో ఆ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా ఆ స్పీకర్ పోయింది. వూఫర్ కాయిళ్లు ఎలా కలిపారో కూడా అడగండి. ఓమ్ అంటే కరెంటుకు ఎంత అడ్డు ఉందో చెప్పే కొలత. రెండు 4 ఓమ్ కాయిళ్లను ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లవుతాయి. రెండు ఛానెళ్లను బ్రిడ్జ్ చేసినప్పుడు, అంటే రెంటినీ కలిపి ఒకే వూఫర్‌కు ఇచ్చినప్పుడు, చాలా యాంప్‌లు 4 ఓమ్‌ల కంటే తక్కువను తట్టుకోలేవు.

అయితే మీకు సౌండ్ పెంచినప్పుడే ఆగుతోంది కాబట్టి, నా అనుమానం పవర్ వైరు మీద. ఇంజిన్ నడుస్తుండగా యాంప్ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా రావాలి. బేస్ కొట్టినప్పుడల్లా అది 11కి పడిపోతుంటే వైరు చాలడం లేదు. వైరు చివర ఒక పోగు కత్తిరించి, కోసిన చోట నిశితంగా చూడండి. లోపల ఎర్రగా ఉంటే రాగి. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే రాగి పూత పూసిన అల్యూమినియం. రాగిలో సుమారు మూడింట రెండు వంతుల మేరకే అది కరెంటును మోస్తుంది. అందంగా ప్యాక్ చేసి అమ్మే వైరింగ్ కిట్లలో ఎక్కువగా ఉండేది ఇదే. మందపాటి ప్లాస్టిక్ తొడుగు వేసి సన్నటి వైరును లావుగా చూపించే కిట్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది అదే. మీరు పంపిన ఫొటోలో ఎర్ర వైరు బ్యాటరీ నుంచి నేరుగా లోపలికి వెళ్తోంది. మధ్యలో ఫ్యూజ్ లేదు.

యాంప్ మీద ఫ్యూజులు ఉన్నాయి కదా అంటారు. అవి యాంప్‌ను కాపాడటానికి. బ్యాటరీకీ యాంప్‌కీ మధ్య కారు పొడవునా వైరు నడుస్తోంది. దానికి కాపలా ఎవరు? ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకులో రంధ్రం చేసి, రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు రింగు (గ్రోమెట్) కూడా పెట్టకుండా వైరు దూర్చేస్తారు. రంధ్రం అంచు బ్లేడులా ఉంటుంది. కారు కదిలినప్పుడల్లా వైరు దానికి రాసుకుంటుంది. నెలలు గడిచాక ఒక రోజు తొడుగు తెగి, రాగి రేకుకు తగులుతుంది. 12 వోల్టులు షాక్ కొట్టదు కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. కారు బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఇవ్వగలదు. 500 ఆంపియర్లు పారినా 6,000 వాట్ల వేడి. అదంతా కార్పెట్ కింద, సీటు కింద. తాళం తీసేసి ఉన్నా లాభం లేదు, ఎందుకంటే ఆ వైరు నేరుగా బ్యాటరీ నుంచి వస్తోంది. కారు ఆపి అందరూ ఇంట్లో నిద్రపోతున్న వేళ కూడా అది అంటుకోవచ్చు.

అందుకే బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజ్ ఉండాలి. దాని సైజు వైరును బట్టి ఉండాలి గానీ యాంప్ డబ్బా మీది అంకెను బట్టి కాదు. రాగి వైరైతే 8 గేజ్‌కు 50 ఆంపియర్లు, 4 గేజ్‌కు 100 ఆంపియర్ల దగ్గర ఆగండి (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది). అల్యూమినియం కలిసినదైతే ఇంకా తగ్గించాలి. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది వేసేవాళ్లు, రేకు ముక్క చుట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకు పోతోందో వెతకండి. ఆ ఫ్యూజ్ పడేదాకా బ్యాటరీ దగ్గర ఎర్ర వైరు విప్పి, దాని కొసకు టేపు చుట్టి పెట్టండి. ఈ ఒక్క పనీ ఇవాళే చేయండి.

విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. సీట్ల కింద, పిల్లర్ల దగ్గర కనిపించే పసుపు రంగు కనెక్టర్లు మామూలుగా ఎయిర్‌బ్యాగులవి. టెస్ట్ ల్యాంపుతో వాటిని గుచ్చి చూడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

చివరగా డబ్బా మీద అంకెల సంగతి. 1000 వాట్లని పెద్దక్షరాల్లో ఉంటుంది, కింద చూస్తే 30 ఆంపియర్ల ఫ్యూజ్. 30ని 14తో గుణిస్తే లోపలికి వెళ్లేదే 420 వాట్లు. కరెంటును తక్కువ వృథా చేసే క్లాస్ డీ రకం యాంప్ అందులో 80 శాతం బయటికిచ్చినా 340 దాటదు. మిగతాది ఎక్కడి నుంచి వస్తుంది? 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌లకు, 1 శాతం లోపు వక్రీకరణతో కొలవాలని సీటీఏ-2006 అనే ప్రమాణం ఉంది. ఆ పేరు లేని వాట్లను నమ్మకండి. ఫ్యూజ్ చూసి లెక్కేసుకోండి.

ప్రశ్న: నా యాంప్‌ను ఫోన్ యాప్‌తో ట్యూన్ చేయాలి. ఆ యాప్ లొకేషన్, కాంటాక్టులు అడుగుతోంది. ఇవ్వచ్చా?

జవాబు: ఆండ్రాయిడ్ 11, అంతకు ముందు వెర్షన్లలో చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పదు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి విడిగా అనుమతి ఉంది, కాబట్టి కొత్త ఫోన్లలో లొకేషన్ అవసరం పడకూడదు. కాంటాక్టులు మాత్రం ఎందుకు? బేస్ ఎంత ఉండాలో మీ బంధువుల నంబర్లు చెప్పవు. ఇవ్వకండి. ఇవ్వనిదే తెరుచుకోకపోతే ఆ యాప్ తీసేయండి.

ఇంకోటి చూసుకోండి. పాస్‌వర్డ్ లేకుండా, లేదా మార్చలేని 0000తో కలిసిపోయే యాంప్‌లు ఉన్నాయి. అలాంటిదైతే, పక్కన ఆగిన కారులో అదే యాప్ ఉన్న ఎవరైనా మీ సౌండ్‌ను ఒక్కసారిగా ఆకాశానికి ఎత్తేయవచ్చు. స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఉలిక్కిపడితే ఏమవుతుందో తయారుచేసేవాళ్లు ఆలోచించాలి. ట్యూనింగ్ అయ్యాక బ్లూటూత్ ఆపే వీలుంటే ఆపేయండి. బ్లూటూత్ భాగం విడిగా వస్తే పీకి దాచుకోండి.

ప్రశ్న: యాంప్ పెట్టించినప్పటి నుంచి రెండు రోజులు తీయకపోతే కారు స్టార్ట్ కావడం లేదు.

జవాబు: రిమోట్ వైరు చూడండి. యాంప్‌ను ఆన్, ఆఫ్ చేసే సన్నటి వైరు అది. స్టీరియో వెనక తెల్ల గీత ఉన్న నీలం వైరుకు కలపాలి. తెల్ల గీత లేని నీలం చాలా స్టీరియోల్లో యాంటెన్నాది. దానికి కలిపితే రేడియో పెట్టినప్పుడే యాంప్ పనిచేసి, ఫోన్ పాటలకు ఆగిపోవచ్చు. ఆ తేడా తెలియక విసిగిపోయి, ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపేసి ఉంటారు. తాళం తీసి, స్టీరియో ఆపి, యాంప్ రిమోట్ స్క్రూ దగ్గర కొలవండి. సున్నా రావాలి. 12 చూపిస్తే వైరు తప్పు చోట కలిపారు.