సాంప్లర్ బొంత మీద గీతలు గీసే ముందు

బుజ్జీ,

సాంప్లర్ బొంత, అదే ఒక్కో బ్లాకు (చదరం) ఒక్కో రకంగా ఉండేది, దాని పైపొర పూర్తయింది, ఇక మిషన్ మీద క్విల్టింగ్, అంటే పొరలన్నీ కలిపి డిజైన్‌గా కుట్టడం, చేద్దామనుకుంటున్నాను, ఆ డిజైన్ గుడ్డ మీద ఏ పెన్నుతో గీయను పెద్దమ్మా అని అడిగావు. పెన్ను సంగతికి వస్తాను, కాస్త ఆగు. ముందు నువ్వు గీయాలనుకున్న డిజైన్ కాగితం మీద పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఎత్తకుండా దాని మీద వేలు తిప్పి చూడు. వేలు ఆగకుండా తిరిగితే మిషన్ కూడా తిరుగుతుంది. నాలుగు చోట్ల ఎత్తాల్సి వచ్చిందా, అది చేతిసూదికి అందంగా ఉండే డిజైన్, మిషన్‌కి వద్దు. ఎత్తిన ప్రతిచోటా దారం తెంపాలి, కొసలు ముడేసి సూదితో పొరల మధ్యకి లాగి దాచాలి, ఒక్క బ్లాకు పూర్తయ్యేసరికే విసుగొస్తుంది. స్టెన్సిల్, అంటే డిజైన్ గీసుకునే అచ్చు, కొనేటప్పుడు కూడా ఇదే పరీక్ష చెయ్యి, చూడ్డానికి ముచ్చటగా ఉన్నవి చాలావరకు చేతికుట్టుకి గీసినవే.

సాంప్లర్‌లో అసలు చిక్కు ఏంటంటే ఏ బ్లాకూ ఇంకోదానిలా ఉండదు, ఒకటి తొమ్మిది చదరాల నైన్ ప్యాచ్, ఒకటి నక్షత్రం, ఒకటి పట్టీలు చుట్టిన లాగ్ క్యాబిన్, ఇంకోటి పువ్వు అతికించినది. దాంతో ప్రతి బ్లాకుకీ ఒక కొత్త డిజైన్ పెట్టాలనిపిస్తుంది. నాకైతే అది నచ్చదు. ముక్కల్లోనే అంత సందడి ఉన్నప్పుడు కుట్టు కూడా సందడి చేస్తే కంటికి ఎక్కడా ఆనదు. రెండు మూడు రకాలు చాలు, వాటినే తిప్పి తిప్పి వాడు. చదరపు ముక్కలున్న చోట ఒక మూల నుంచి ఇంకో మూలకి కొద్దిగా వంగిన విల్లులు, పట్టీలున్న బ్లాకులో నేరు గీతలు, పువ్వు ఉన్న చోట దాని అంచు చుట్టూ ఒక వరస కుట్టి, వెనక ఖాళీ గుడ్డని దగ్గర దగ్గర కుట్లతో అణచడం. అలా అణిస్తే పువ్వు దానంతటదే పైకి లేస్తుంది.

డిజైన్ కంటే ముఖ్యమైనది ఒకటుంది, కుట్లు ఎంత దగ్గరగా పడుతున్నాయన్నది. ఒక బ్లాకులో అర అంగుళానికో గీత వేసి పక్క బ్లాకుని అలా వదిలేశావనుకో, దగ్గరగా కుట్టిన బ్లాకు ముడుచుకుంటుంది, వదిలేసింది ఉబ్బుతుంది, బొంత నేల మీద పరిస్తే చదునుగా కూర్చోదు. అన్ని బ్లాకుల్లోనూ ఇంచుమించు ఒకే దట్టం ఉండేలా చూసుకో. బ్యాటింగ్, అంటే మధ్యలో పెట్టే మెత్తటి పొర, దాని కవరు మీద కుట్టుకి కుట్టుకి మధ్య ఎంత దూరం ఉండొచ్చో రాసి ఉంటుంది, కొన్నిటికి 2, 3 అంగుళాలే, కొన్ని కాటన్ రకాలకి 8, 10 దాకా కూడా ఉంటుంది. అది లోపలి బ్యాటింగ్ జారకుండా, ఉండకట్టకుండా ఉండడానికి పెట్టిన హద్దు. అంత దూరం ఉంచితే అందంగా ఉంటుందని దాని అర్థం కాదు.

ఇక గీయడం. వీలైనంత తక్కువ గీయి. అతుకు సందులో వేసే కుట్టుకి గీత అక్కర్లేదు, అతుకే దారి. మూల నుంచి మూలకి వేసే విల్లులకి కూడా మూలలు కనబడుతూనే ఉంటాయి, రెండు మూడు బ్లాకులు కుట్టేసరికి చేతికి ఆ వంపు వచ్చేస్తుంది. నేరు గీతలకి మాస్కింగ్ టేప్ అంటించి దాని అంచున కుట్టొచ్చు, ఏ రోజు అంటించింది ఆ రోజే పీకెయ్, రాత్రంతా ఉంచితే జిగురు గుడ్డకి పట్టుకుంటుంది. నిజంగా గీత కావాల్సింది ఈకలు, జడలు లాంటి డిజైన్లకి, బార్డర్‌కి.

నీలం పెన్ను, అదే నీళ్ళకి పోయేది, లేత గుడ్డ మీద చాలా బాగా కనబడుతుంది. దానికి వేడి తగలకూడదు. ఇస్త్రీ తగిలితే ఆ గీత గుడ్డకి పట్టేసి ఇక వదలకపోవచ్చు, కాబట్టి పైపొర మొత్తం ముందే ఇస్త్రీ చేసుకుని తర్వాతే గీయి, ఇస్త్రీతో అతికే రకం బ్యాటింగ్ మాత్రం దీనితో పెట్టుకోకు. ఊదారంగు పెన్ను గాలికే పోతుంది, ఒక్కోసారి నువ్వు కుట్టేలోపే మాయమవుతుంది, అప్పటికప్పుడు కుట్టే ఒక్క బ్లాకుకి తప్ప పనికిరాదు. వేడికి చెరిగిపోయే జెల్ పెన్ను అందరికీ ఇష్టమే గానీ నాకు దాని మీద నమ్మకం లేదు, బాగా చలి తగిలితే గీత మళ్ళీ కనబడొచ్చు, ముదురు రంగుల మీద తెల్లటి చార కూడా మిగులుతుంది. ముదురు గుడ్డకి చాక్ గానీ, అరిగిపోయిన సబ్బు ముక్క గానీ చాలు, సబ్బు ముక్క అంచు పదునుగా ఉంటే గీత సన్నగా వస్తుంది. హెరా అని ఒక ప్లాస్టిక్ గీకుడు పుల్ల దొరుకుతుంది, రంగేమీ లేకుండా గుడ్డ మీద నొక్కు మాత్రమే పడుతుంది, నేరు గీతలకి నా ఓటు దానికే. ఏది వాడినా బొంతలో ఉన్న ప్రతి గుడ్డ తునక మీద ముందు గీసి, ఉతికి చూడు, ముఖ్యంగా తెలుపు మీద.

నువ్వు బ్లాకుల ముక్కలన్నీ చేత్తో కుట్టి కలిపావు కదా, కాబట్టి 12 అంగుళాల బ్లాకులన్నీ సరిగ్గా 12 ఉండవు, ఒకటి పావు అంగుళం తక్కువ, ఒకటి ఎక్కువ. అది తప్పేం కాదు. స్టెన్సిల్ మాత్రం అందరికీ 12 అనుకుంటుంది. బ్లాకుని మూలలకి మడిచి మధ్య బిందువు పట్టుకో, స్టెన్సిల్ మధ్యని అక్కడ పెట్టి బయటికి గీస్తూ రా, అంచు దగ్గర తేడాని చేత్తోనే సర్దెయ్. ఇంకోటి, చేతికుట్టులో అతుకులు కలిసే చోట లోపలి అంచులు గిర్రున తిరిగి పడుకుంటాయి, అందుకని అతుకు సందులో కుట్టేటప్పుడు ఎత్తు పక్క, పల్లం పక్క మధ్యలో మారిపోతుంటాయి. వేలితో తడిమి చూసుకుంటూ ఎప్పుడూ పల్లంలోనే కుట్టు, అప్పుడే కుట్టు కనబడదు.

బార్డర్‌ని మూలల నుంచి మొదలుపెట్టు, మధ్య నుంచి కాదు. బార్డర్ పొడవంత కాగితం పట్టీ కోసి సమానంగా మడిచి చూడు. 50 అంగుళాల పొడవులో 6 అంగుళాల పువ్వు సరిగ్గా పట్టదు, కానీ 8 భాగాలు చేస్తే ఒక్కోటి 6.25 వస్తుంది, పువ్వుని ఆ మాత్రం సాగదీస్తే ఎవరికీ తెలియదు.

అస్తరు గుడ్డ నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి, దాన్ని నేలకి టేపుతో బిగించి, లాగకుండా ముడతలు మాత్రం తీసి, పైన బ్యాటింగ్, ఆపైన నీ పైపొర. పిన్నీసులు 4 అంగుళాలకి ఒకటి, గీసిన గీత మీద మాత్రం పెట్టకు.

మిషన్ మీద ముందు బ్లాకుల మధ్య పట్టీల అతుకులన్నీ, పొరలన్నిటినీ సమానంగా లాగే వాకింగ్ ఫుట్‌తో కుట్టెయ్, నడిమధ్య నుంచి అంచులకి. దాంతో బొంత గళ్ళుగళ్ళుగా కదలకుండా నిలబడుతుంది, తర్వాత ఏ బ్లాకు ముందు కుట్టినా ఫర్వాలేదు. అప్పుడు గుడ్డని ఎటైనా తిప్పనిచ్చే డార్నింగ్ ఫుట్ పెట్టి, గుడ్డని లాగే కింది పళ్ళు దించి, వంపు డిజైన్లు మొదలుపెట్టు. 50 నంబరు కాటన్ దారం, 80 లేదా 90 సైజు సూది. మొదట అవే గుడ్డలు, అదే బ్యాటింగ్‌తో చిన్న ముక్క చేసి దాని మీద టెన్షన్, అంటే దారం బిగువు, సరిచూసుకో. కింది దారం పైకి లాగి పట్టుకుని మొదలుపెట్టు, లేకపోతే అడుగున గూడు కట్టేస్తుంది. వంపుల దగ్గర అస్తరు వైపు కనురెప్పల్లా దారాలు లేస్తుంటే చెయ్యి మరీ వేగంగా తిరుగుతోందన్నమాట, లేదంటే పైదారం వదులుగా ఉంది. బొంత బరువంతా బల్ల మీదో నీ ఒళ్ళోనో ఉండాలి, అంచు నుంచి వేలాడితే సూది దగ్గర గుడ్డ వెనక్కి లాగేసి కుట్లు చిన్నవైపోతాయి. కుట్లు బాగాలేవని నిన్ను నువ్వు తిట్టుకునే ముందు ఎప్పుడూ ఇది చూసుకో.

కళ్ళు సూది మీద కాదు, సూది వెళ్ళబోయే చోట ఉండాలి. గీత తప్పావనుకో, చటుక్కున వెనక్కి రాకు, మెల్లగా కలుపుకుంటూ రా. ఉతికాక గీత ఉండదు, కుట్టు మాత్రమే ఉంటుంది, గీతకి దూరంగా పడినా నున్నగా సాగిన వంపు బాగానే కనబడుతుంది, గీత కోసం గెంతిన చోటు మాత్రం ఎప్పటికీ గెంతుగానే ఉంటుంది.

అంతా అయ్యాక నీలం గీతలున్న చోట తడిగుడ్డతో అద్దొద్దు, రంగు లోపలి బ్యాటింగ్‌లోకి దిగి ఆరాక మళ్ళీ పైకొస్తుంది. బొంత మొత్తం చల్లటి నీళ్ళలో ముంచు, సబ్బు వేయకుండా, ఒకటికి రెండుసార్లు నీళ్ళు మార్చు. గీతలన్నీ పోయాయని చూసుకున్నాకే సబ్బు. పరిచి ఆరబెట్టు, తడి బరువుకి తీగ మీద సాగుతుంది.

బార్డర్ ఎంత వెడల్పు పెట్టావో రాయలేదు. 4 అంగుళాల లోపైతే ఈకలు మానేసి జడ వెయ్యి. కొలత రాసి పంపితే ఎన్ని భాగాలు పడతాయో లెక్క వేసి చెబుతాను.

పెద్దమ్మ