560 బెంజా, జాగ్వార్ ఎక్స్‌జే6నా?

చి. రఘుకి,

మామయ్య ఆశీస్సులు. కొందామనుకుంటున్న రెండు పాత కార్ల ఫోటోలు నువ్వు పంపినవి చూశాను. రెండూ 1987 మోడళ్ళే. అందంలో ఆ జాగ్వార్ ముందు బెంజ్ తేలిపోతుంది, కాదనను. కానీ ఆగస్టులో హ్యూస్టన్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఆఫీసుకి వెళ్ళాలి కదా నువ్వు!

పరుగులో పోటీయే లేదు. బెంజ్ 560 ఎస్ఈఎల్‌ది 5.5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, అమెరికా మోడల్‌కి 238 హార్స్‌పవర్. జాగ్వార్‌ది 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 176. పైగా మూడే గేర్ల ఆటోమేటిక్. అయితే గతుకుల రోడ్డు మీద కుదుపు తెలియకుండా, చప్పుడు లేకుండా పోవడంలో జాగ్వార్ తర్వాతే ఏదైనా.

ఆ సుఖానికి కారణమైన వెనక సస్పెన్షనే రిపేరుకొచ్చేసరికి ప్రాణం తీస్తుంది. వెనక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర ఉండవు, లోపల డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి ఇంజన్ శక్తిని పంచే గేర్ల పెట్టె) పక్కన ఉంటాయి. ఆ పెట్టె సీలు కారితే ఆయిల్ నేరుగా డిస్కు మీద పడుతుంది. డిస్కులు మార్చాలంటే చాలాసార్లు మొత్తం వెనక అసెంబ్లీని కిందికి దించాలి. పార్టు చవకే, కూలీయే తడిసి మోపెడవుతుంది. పెట్రోలు ట్యాంకులు రెండు, చెరో పక్కన. లోపలినుంచి తుప్పు పడతాయి కాబట్టి డిక్కీ తెరిచి వాసన చూడు. అన్నిటికన్నా ముఖ్యం కూలింగ్. ఆ ఇంజన్ ఒక్కసారి బాగా వేడెక్కిందా, సిలిండర్ల పైన మూతలా ఉండే అల్యూమినియం హెడ్ వంకరపోతుంది. రేడియేటర్ నీళ్ళు తుప్పు రంగులో ఉంటే ఇక బేరమే వద్దు.

బెంజ్ ఏమీ పుణ్యమూర్తి కాదు. వాల్వులు వేళకి తెరుచుకునేలా తిప్పే టైమింగ్ చైన్‌కి ఆనుకుని ఉండే ప్లాస్టిక్ గైడ్లు వయసుకి పెళుసెక్కుతాయి. ముక్క విరిగి చైన్ పళ్ళు తప్పితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి, ఇంజన్ పోయినట్టే. లక్ష మైళ్ళు దాటిన బండికి చైన్, గైడ్లు మార్చిన బిల్లు అడుగు. నోటిమాట నమ్మొద్దు. బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడు. వెనక అద్దం కింది అంచున తుప్పు కూడా చూడు. ఇవి సరిగ్గా ఉంటే రోజూ నడుపుకోవచ్చు, టెన్షన్ ఉండదు. నా ఓటు దీనికే. ఆదివారాలు తుడిచి మురిసిపోయే బండి కావాలంటే మాత్రం జాగ్వార్ తీసుకో, నేనేమీ అనను.

శనివారం చూడ్డానికి వెళ్తే ఇంజన్ ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని అమ్మేవాళ్ళిద్దరికీ ఫోన్ చేసి చెప్పు. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. చల్లగా ఉంటేనే తాళం తిప్పు. బెంజ్‌లో గలగలమని చైన్ చప్పుడొచ్చినా, పొగగొట్టంలోంచి నీలం పొగొచ్చినా అప్పుడే తెలిసేది. బానెట్ వెచ్చగా తగిలిందనుకో, మర్నాడు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చెయ్.

ఇట్లు,
మామయ్య