ఆ బొట్లు మంచువి కావు

అమ్మాయ్,

నీ వ్యాసమూ, ఫోటోలూ అందాయి. వాక్యం చక్కగా నడుస్తోంది. నాలుగో ఫోటో దగ్గరే ఆగిపోయాను.

విశాఖ వుడా పార్కులో తులసి కాడను దవడలతో కరిచి పట్టుకుని నిద్రపోతున్న నీలిచారల తేనెటీగ. మగవి రాత్రిళ్లు ఇలాగే పడుకుంటాయి, వాటికి గూడు ఉండదు. దాని వీపు మీద ఆవగింజలంతేసి నీటిబొట్లు. కింద ‘మంచుముత్యాలు’ అని రాశావు. వెనకున్న గడ్డి మాత్రం పొడిగా ఉంది. మంచు ఒక్క కొమ్మనే ఏరుకుని పడదమ్మా. పడితే గడ్డిమీదా, సాలెగూటి దారం మీదా, నీ చెప్పుల మీదా పడుతుంది. ఒళ్లు వేడెక్కితే గాని ఎగరలేని ప్రాణి మీద నీళ్లు స్ప్రే కొట్టావు. చూసి కోపం వచ్చింది, దాచుకోలేను.

ఈ జబ్బు పాతదే. నీళ్లలో గ్లిజరిన్ కలిపేవాళ్లు, బొట్టు జారకుండా. ఒక వారపత్రిక సంపాదకుడు నా నందివర్ధనం ఫోటోను ‘తడి లేదు, కళ లేదు’ అని తిప్పి పంపి, ఆ వారమే అట్టమీద గ్లిజరిన్ గులాబీ వేశాడు. నలభై ఏళ్లయింది, ఇప్పటికీ మండుతుంది. చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్సు కొనే స్తోమతు నాకప్పుడు లేదు. మామూలు 50 ఎంఎం లెన్సును తిరగేసి, కెమెరాకు ఎడంచేత్తో అదిమిపట్టి తీసేవాణ్ణి. రీలుకు 36 ఫోటోలే. అంత దగ్గర్లో స్పష్టంగా పడేది మిల్లీమీటరు మేర. ఊపిరి వదిలితే కేసరం మసకబారేది. ఎండ ముదిరి సముద్రపు గాలి లేచిందంటే ఇక ఏ కొమ్మా నిలవదు, ఇంటికి రావడమే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక వారానికి పార్కుకు వెళ్లాను. వేళ్లతో సహా కూలిన మాను పక్కన ఒక గడ్డిచామంతి పూసింది. ఒక రేకు చిరిగింది, కాడకు బురద. తుడవకుండా తీశాను. నా గోడ మీద ఉన్నది అదొక్కటే.

నీ మూడో పేరాలో, నువ్వు ఫోటో తీసుకునేదాకా చీపురు ఆపి నిలబడిన ఆవిడ ఉంది చూడు, పారిజాతాలు ఊడ్చే ఆవిడ. ఆమెను ఒక్క వాక్యంతో వదిలేశావేం? పువ్వులు బోర్లా పడి నారింజరంగు కాడలు పైకి లేచి ఉన్నాయా? చీపురు ఏ చేతిలో ఉంది? ఆవిడ ఏమంది? ఆ వాక్యం చదివి నాకు గొంతు పట్టేసింది. వ్యాసం అక్కణ్ణించి మొదలుపెట్టు, మంచుముత్యాల పేరా పూర్తిగా కొట్టెయ్.

ఆ తేనెటీగలు బెదరకపోతే చాలా రోజులు అదే కాడకు తిరిగొస్తాయి. రేపు వెలుగు రాకముందే వెళ్లు, స్ప్రే సీసా ఇంట్లో పెట్టి. అది వచ్చిందో లేదో నాకు రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు