కాలేజీ పత్రికలో వేసిన వ్యాసం వెనక్కి తీసుకోవాలా?

ప్రశ్న: ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫైనలియర్ చదువుతున్నాను. కాలేజీ ఖర్చుతో వచ్చే విద్యార్థి పత్రికకు సంపాదకురాలిని. హాస్టల్ మెస్ బిల్లుల మీద మా జూనియర్ కలం పేరుతో రాసిన వ్యాసం వేశాం. అందులో 'మెస్ డబ్బు వార్డెన్ మింగేస్తున్నాడు' అని ఉంది. ప్రిన్సిపాల్ కాపీలన్నీ తీసేసుకుని, ఇకపై హాస్టల్ ఊసెత్తొద్దన్నారు. వార్డెన్ పరువునష్టం కేసు వేస్తానంటున్నారు, రాసిందెవరో చెప్పమంటున్నారు. మాకు భావప్రకటనా స్వేచ్ఛ లేదా?
– ఒక విద్యార్థిని, నెల్లూరు జిల్లా

జవాబు: ఉందమ్మా. కాలేజీలో చేరినంత మాత్రాన రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన హక్కు పోదు. మీది ప్రభుత్వ కాలేజీ కాబట్టి ప్రిన్సిపాల్ నిర్ణయం కూడా రాజ్యాంగానికి లోబడే ఉండాలి. ప్రైవేటు కాలేజీ అయితే ఈ వాదన ఇంత తేలిగ్గా నిలవదు.

'డబ్బు మాది, పత్రిక మాది' అంటారేమో. ఎల్‌ఐసీ కూడా తన సొంత పత్రిక విషయంలో అదే అంది. తమను విమర్శించిన మనూభాయ్ షాకు జవాబు అందులో వేసుకుని, ఆయన ప్రతిజవాబు మాత్రం వేయనంది. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ అలా ఒకవైపే వినిపించడం కుదరదని, ఆయన రాసిందీ వేయాలని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ సంగతి అచ్చం అదే కాదు గానీ, హాస్టల్ ఊసే వద్దనే నిషేధాన్ని ప్రశ్నించడానికి ఆ తీర్పు బాగా పనికొస్తుంది. వాచకంలో సారా మీద పాఠం చదివి దూబగుంట ఆడవాళ్లు సారా అమ్మకాలకు ఎదురు తిరిగింది ఈ జిల్లాలోనే. తాము తినే తిండి గురించి పిల్లలు రాయకూడదనడం నాకు మింగుడుపడదు.

నా దిగులంతా 'వార్డెన్ మింగేస్తున్నాడు' అన్న ఆ ఒక్క వాక్యం గురించే. పరువునష్టాన్ని నేరంగా చూసే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ రాసినవాళ్లనే కాదు, ప్రచురించినవాళ్లనూ పట్టుకుంటుంది. రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా, లేదా సమాజసేవ. నిజమే రాశామంటే సరిపోదు, అది ప్రజాహితం కోసమని కూడా చూపాలి. హాస్టల్ తిండి విషయంలో ప్రజాహితం చూపడం కష్టం కాదు. నిజమని రుజువు చేయడమే కష్టం. బిల్లులో ఇన్ని కిలోల బియ్యం ఉంది, వంటగదికి ఇన్నే చేరాయి అని రాస్తే అది లెక్క. మింగేశాడంటే ఆయన జేబులోకి వెళ్లినట్టు మీరు చూపించాలి. అచ్చుకు ముందు వార్డెన్ వివరణ అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. అడగకపోతే అది సంపాదకురాలిగా మీ పొరపాటే.

రాసినవారి పేరు వార్డెన్ గద్దించగానే చెప్పక్కర్లేదు. కోర్టు ఆదేశిస్తే వేరు. కలం పేరుకు ఒప్పుకున్నారంటే బరువు మీ నెత్తికెత్తుకున్నట్టే, జూనియర్‌ని ముందుకు తోసి తప్పుకోకండి. పరువునష్టం పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టే నేరం కాదు, కాబట్టి స్టేషన్ పేరు చెబితే బెదరకండి. కేసు పెట్టాలంటే కోర్టుకే వెళ్లాలి.

ముందు, కాపీలు ఎందుకు తీసుకున్నారో కారణాలతో రాతపూర్వకంగా ఇవ్వమని ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆ వాక్యం వరకు సవరణ, పక్కనే వార్డెన్ వివరణ వేస్తామని అందులోనే రాయండి. వ్యాసం మొత్తానికి క్షమాపణ రాసివ్వొద్దు. మెస్ బిల్లుల నకళ్లు సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అప్పటికీ నిషేధం ఎత్తకపోతే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఆ రోజు వస్తే మీ చేతిలో ఉండాల్సింది ఆ అర్జీ నకలు, ఆ బిల్లులు.