గొలుసు కొలతల ఇంటి నుంచి సివిల్ ఇంజనీరింగ్‌కు

మీ తమ్ముడు చెన్నైలో సివిల్‌లో చేరతానంటున్నాడు, ఇంట్లో వాళ్లేమో కంప్యూటర్ సైన్స్ అంటున్నారు. మొదటి సంవత్సరంలో ఉన్నవాళ్లు తమ నేపథ్యమేమిటో, ఏ పాఠాలు ఇష్టమో చెప్పమన్నారు కదా. నేను చెన్నైలోనే సివిల్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వేరే సీటు రాక తీసుకున్నది కాదు, కోరి తీసుకున్నాను.

మాది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. మా తాతయ్య సర్వేయరు వెంట గొలుసు పట్టిన చైన్‌మన్. ఆ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. లక్ష చదరపు లింకులు ఎకరం, వెయ్యి చదరపు లింకులు సెంటు. బడి ముఖం చూడనివాళ్లు కూడా మా ఊళ్లో సెంట్లలోనే మాట్లాడుకుంటారు. ఆ సెంటు వెనక ఇంత చక్కని లెక్క ఉందని నాకు చూపించింది తాతయ్యే.

మా పొలం ఎఫ్ఎంబీ (సర్వేవాళ్ల పొలం కొలతల పుస్తకం) పటం నకలు ఇంట్లో ఉంది. పొలం మీదుగా ఒక గీత, దాని మీద నుంచి గట్టు మలుపు తిరిగిన ప్రతిచోటికీ లంబంగా ఒక అడ్డగీత, పక్కన అంకెలు. దాంతో ఎంత వంకర పొలమైనా త్రిభుజాలుగా, ట్రెపీజియాలుగా విడిపోతుంది. ఆధార భుజం 300 లింకులు, ఎత్తు 200 లింకులు ఉన్న త్రిభుజం వైశాల్యం 30,000 చదరపు లింకులు, అంటే సరిగ్గా 30 సెంట్లు. ఇక్కడ కాలేజీలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టగానే నేను సొంతంగా రాసుకున్న ప్రోగ్రాం దీనికే. పొలం మూలల నిరూపకాలను వరుసగా ఇస్తే చాలు, పక్కపక్క మూలలవి అడ్డంగా గుణించి, తేడాలన్నీ కూడి, సగం చేసి విస్తీర్ణం చెబుతుంది. పటంలో ఉన్న విస్తీర్ణమే తెర మీద కనిపించగానే తాతయ్యకు ఫోను చేసి చదివి వినిపించాను. సివిల్‌లో చేరితే ప్రోగ్రామింగ్‌కు దూరమవుతాడన్న భయం మీ ఇంట్లో ఉంటే ఈ సంగతి చెప్పండి.

ఈ విద్యకు చెన్నై పుట్టినిల్లు లాంటిది. గిండీ ఇంజనీరింగ్ కళాశాల 1794లో సర్వే బడిగానే మొదలైంది. 1802లో బ్రిటిష్ సర్వే అధికారి విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు ఏడున్నర మైళ్ల ఆధార రేఖను గొలుసుతో కొలిచాడు. త్రిభుజంలో ఆ ఒక్క భుజం తెలిస్తే మిగతావి కోణాలతో లెక్కకట్టవచ్చు. అలా త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ హిమాలయాల దాకా కొలత సాగింది. భూమి గుండ్రం కనుక అంత పెద్ద త్రిభుజాల్లో కోణాల మొత్తం 180 డిగ్రీలను కాస్త దాటుతుంది. ఇది తెలిసిన నాటి నుంచి గోళీయ త్రికోణమితి నన్ను వదలడం లేదు. మా సిలబస్‌లో లేకపోయినా గ్రంథాలయంలో కూర్చుని చదువుకుంటున్నాను.

ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ కూడా ఇష్టమే. రసాయనశాస్త్రం పరీక్ష కోసం చదువుతాను. ఇంగ్లిషులో పాఠాలు మొదట్లో బరువుగానే అనిపిస్తాయి, కానీ గణితం బాగా వచ్చిన తెలుగు మాధ్యమం పిల్లలు త్వరగానే అందుకుంటారు.

సివిల్‌లో వంతెనలు, నీటిపారుదల, మట్టి, సర్వే, రోడ్లు దేని దారి దానిదే. వీటిలో ఏది తనను లాగుతోందో, ఎందుకో మీ తమ్ముణ్ణే అడగండి. ఏదో ఒకదాని పేరు చెప్పి పది నిమిషాలు ఉత్సాహంగా మాట్లాడగలిగితే అతన్ని సివిల్‌లో చేరనివ్వండి.